నీరుచల్ల నుంచి జిగర్తండా దాకా: మా మధుర విందుల్లో పానీయాలు

ఇప్పుడు మన ఇళ్ళ పెళ్ళిళ్ళలో, పుట్టినరోజుల్లో పందిట్లో అడుగుపెట్టగానే చేతికి రంగురంగుల గ్లాసు ఇస్తున్నారు. వంటవాళ్ళ పట్టీలో దాని పేరు మాక్‌టెయిల్. మత్తు లేని కలగలుపు పానీయం అని అర్థం. పేరు కొత్తదే గానీ, ఆ పని మనవాళ్ళు ఈ ఊళ్ళో వందల ఏళ్ళుగా చేస్తున్నదే.

శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద 16వ శతాబ్ది తొలినాళ్ళది. కథ జరిగేది మాకు దగ్గరి శ్రీవిల్లిపుత్తూరులో. అక్కడ విష్ణుచిత్తుడు వేసవిలో అతిథులకు పెట్టినవాటిలో పలుచని అంబలి, చెరకు రసం, లేత కొబ్బరినీళ్ళు, పరిమళం కలిపిన చల్లని నీళ్ళు, నీరుచల్ల కనబడతాయి. మా ఇంట్లో ఇప్పటికీ మజ్జిగను చల్ల అనే అంటాం. తమిళంలో దాన్నే నీర్‌మోర్ అంటారు. రెండు భాషలూ ఒకే మాటను రెండు గొంతులతో పలికినట్టుంటుంది.

1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడితో మధురలో నాయక పాలన మొదలైంది. ఆ కాలంలో చాలా తెలుగు కుటుంబాలు ఇటు వచ్చి స్థిరపడ్డాయి. తిరుమల నాయకుడు (1623-1659) మీనాక్షి కల్యాణాన్నీ అళగర్ వైగైకి వచ్చే ఉత్సవాన్నీ ఒకే నెలకు చేర్చాడని ఇక్కడి వాడుక. ఆ చిత్తిరై ఎండలో దారిపొడుగునా పందిళ్ళు వేసి పానకం, నీర్‌మోర్ ఉచితంగా పోస్తారు. కులం, భాష అడగరు. దాహం ఉంటే చాలు.

తర్వాత సోడా వచ్చింది. 1870లలో ఇంగ్లండులో హైరమ్ కాడ్ చేసిన సీసా మనకు గోలీసోడా అయింది. లోపలి గ్యాసు గోలీని పైకి నెట్టి మూతి దగ్గరి రబ్బరు చుట్టకు అదిమి పెడుతుంది, అదే మూత. 1916లో మా పక్కనున్న విరుదునగరంలో కాళిమార్క్ మొదలైంది. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టింది, 1948కి అది మద్రాసు రాష్ట్రమంతటా అమలైంది. ఆ రోజుల్లో మర్యాదకు ఇచ్చేది కలర్ సోడాయే అని మా పెద్దవాళ్ళు చెప్పేవారు.

జిగర్తండా ఊరి గర్వం. కాచి చిక్కబరిచిన పాలు, నానబెట్టిన బాదం బంక, నన్నారి పాకం, పైన ఐస్‌క్రీం. పేరు ఉర్దూ, పాకంలోని వేరు మన అడవులది. మేమూ కడప, కర్నూలు వాళ్ళూ నన్నారి అనేదాన్నే కోస్తా నుంచి వచ్చిన వియ్యాలవారు సుగంధిపాల అంటారు. ఒకే గ్లాసు ముందు కూర్చుని రెండు పేర్లతో మాట్లాడుకుంటాం.

ఇంట్లో విందుకు మేము చేసే కలుపులు రెండు:

పానకం: పావుకిలో బెల్లానికి లీటరున్నర నీళ్ళు. అరచెంచా మిరియాల పొడి, చిటికెడు శొంఠి, నాలుగు ఏలకులు. వడగట్టి, నిమ్మకాయ పిండి, కుండలో చల్లబరచాలి.

నన్నారి సోడా: గ్లాసుకు రెండు పెద్ద చెంచాల నన్నారి పాకం, అరచెక్క నిమ్మరసం, చిటికెడు ఉప్పు. తాగబోయే ముందే సోడా పొయ్యాలి, లేకపోతే బుడగలు చచ్చిపోతాయి.

మా పిల్లలు తెలుగు మాట్లాడతారు, చాలామందికి చదవడం రాదు. వాళ్ళకి భాష అందేది నోటి గుండానే. పానకం మానేస్తే పోయేది ఒక రుచి మాత్రమే కాదు, దాంతోపాటు చల్ల, శొంఠి, పాకం, వడగట్టడం లాంటి మాటలూ ఇంట్లో వినబడకుండా పోతాయి. అందుకే ఈమధ్య మా శుభకార్యాల్లో పిల్లల్నే గ్లాసులు పట్టుకెళ్ళమంటున్నాం. అడిగినవాళ్ళకి పేరు తెలుగులో చెప్పాలి, అదొక్కటే షరతు.

మీ ఇళ్ళల్లో మజ్జిగను ఏమంటారు? హోసూరులో, కోయంబత్తూరులో, బళ్ళారిలో, బరంపురంలో, యానాంలో ఉన్న మనవాళ్ళు ఆ మాటను పెద్దవాళ్ళని అడిగి రాసిపెట్టుకోండి. మాకూ చెప్పండి.