మన్యము చేరిన కాఫీ

పరదేశపు మొక్క మన నేలలో నాటుకొన్నదనగానే, అది మన శీతోష్ణస్థితికి తగినట్లు మారిపోయినదని తలుస్తాము. అన్నిచోట్లా అట్లు జరుగదు. ఉక్కునగరపు ఇండ్లలో ఉదయమే పరిమళించే అరకు కాఫీ కథ ఇందుకు భిన్నమైనది.

అరాబికా కాఫీకి పుట్టినిల్లు ఇథియోపియా కొండసీమ. అక్కడ అది మహావృక్షాల నీడలో పెరిగే చిన్నచెట్టు. మితమైన చలువ, పూతవేళకు ఒక మంచి జల్లు, ఆపై నిలుకడైన వర్షము, నీరు నిలువని నేల దానికి కావలెను. గడ్డకట్టే మంచును గాని, మాడ్చే ఎండను గాని అది ఓర్వలేదు. కనుకనే విశాఖ తీరపు ఉక్కపోతలో అది రాణించదు. నగరానికి సుమారు 115 కిలోమీటర్ల దూరాన, సముద్రమట్టానికి 900 మీటర్లు, అంతకు మించిన ఎత్తున ఉన్న అరకు, అనంతగిరి ప్రాంతాలు దానికి పుట్టింటిని తలపించినవి.

1898లో బ్రోడీ అనే ఆంగ్లోద్యోగి గోదావరి మన్యములోని పాములేరు లోయలో కాఫీని ప్రవేశపెట్టినాడు. 1920 ప్రాంతాల జయపురం సంస్థానపు రెవెన్యూ ఉద్యోగుల ద్వారా అది విశాఖ మన్యానికి వ్యాపించినది. 1960 దశకములో అటవీశాఖ తోటలు వేసినది. పిమ్మట పోడు సేద్యానికి బదులుగా గిరిజన రైతులు దీనిని చేపట్టినారు.

పోడుకొట్టిన కొండవాలున చలువ ఉన్నా నీడ లేదు. ఆ లోటు తీర్చడానికి త్వరగా ఎదిగే సిల్వర్ ఓక్ నాటినారు. దాని స్వస్థలము ఆస్ట్రేలియా. ఆ విధముగా ఆఫ్రికా మొక్కకు ఆస్ట్రేలియా చెట్టు గొడుగు పట్టినది. దాని మ్రానున మన మిరియపు తీగ ప్రాకినది. కాఫీ తన స్వభావాన్ని మార్చుకొనలేదు. దానికి కావలసిన పరిసరాలను మనుష్యులు కల్పించినారు.

ఇట్టి ఏర్పాటుకు నిత్యము కాపలా అవసరము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానులో నీడచెట్లు విరిగి కాఫీతోటలపై కూలినవి. 2019లో అరకు అరాబికాకు భౌగోళిక గుర్తింపు లభించినది. అయితే 2025లో కాయతొలుచు పురుగు అరకు తోటలలో కనబడినది. దాని జన్మస్థానమూ ఆఫ్రికాయే. నీలగిరి ప్రాంతములో 1990లోనే కనబడిన ఈ పురుగు, కాఫీ వెంట తానూ ఈ కొండలెక్కినది. సోకిన కాయలను కోసి నాశనము చేయవలసివచ్చినది.

ఈ పురుగు గింజలోపలనే గ్రుడ్లు పెడుతుంది. మందు అంత తేలికగా అక్కడికి చేరదు. కొమ్మన మిగిలిన కాయనూ, నేలరాలిన కాయనూ విడువక ఏరివేయడమే ప్రధాన రక్షణ. నూరేండ్లకు పైగా మనతో ఉన్న ఈ పంట నిలుచుట, ఆ కాయలు ఏరే గిరిజన రైతు ఓర్పుపైననూ, ఆ శ్రమకు దక్కే గిట్టుబాటు ధరపైననూ ఆధారపడియున్నది.