రెల్లుపొదల పక్షి – వరిసాగు చరిత్ర: దిగువ బర్మాలో జెర్డాన్ బాబ్లర్

ఉపోద్ఘాతం

దక్షిణాసియా నదీతీరాల రెల్లుపొదల్లో, ఎత్తైన గడ్డిభూముల్లో చిన్నచిన్న గుంపులుగా సంచరించే పక్షి జెర్డాన్ బాబ్లర్. ఇది ఇంచుమించు పిచ్చుకంత ఉంటుంది. గోధుమ వన్నె, పొడవైన తోక దీని లక్షణాలు. సింధు, బ్రహ్మపుత్ర, ఐరావతి–సిట్టాంగ్ నదుల మైదానాల్లో దీని మూడు ఉపజాతులను గుర్తించారు. వీటిలో బర్మా ఉపజాతి 1941 తరువాత 73 ఏళ్లపాటు నమోదు కాలేదు. ఈ అదృశ్యాన్ని భూవినియోగ చరిత్రలో భాగంగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

నామకరణం

మద్రాసు సైనిక వైద్య విభాగానికి చెందిన థామస్ జెర్డాన్ కొంతకాలం నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. ఐరావతీ తీరంలోని థయెట్‌మ్యో వద్ద లభించిన ఈ పక్షిని 1862లో ఆయన శాస్త్రీయంగా వర్ణించాడు. ఆ సంవత్సరమే వెలువడనారంభించిన 'బర్డ్స్ ఆఫ్ ఇండియా' సంపుటాల్లో అనేక పక్షుల తెలుగు పేర్లను సైతం ఆయన పొందుపరిచాడు.

వరిసాగు విస్తరణ

దిగువ బర్మా 1852లో బ్రిటిష్ పాలనలోకి వచ్చింది. 1869లో సూయజ్ కాలువ ప్రారంభం కావడంతో బియ్యం ఎగుమతులకు మరింత ఊపు వచ్చింది. 1850లలో పది లక్షల ఎకరాలకు లోపుగా ఉన్న వరిసాగు 1930ల నాటికి ఎనభై లక్షల ఎకరాలు దాటింది. అడవులతోపాటు గడ్డిభూములూ పొలాలుగా మారాయి. పన్ను రాని నేల పాలకుల దృష్టిలో బంజరు. పక్షికి మాత్రం అదే నివాసం.

ఈ పరిణామంతో తెలుగువారికీ సంబంధం ఉంది. భూమిని సాగులోకి తెచ్చినవారు ప్రధానంగా బర్మా రైతులు. పెట్టుబడిలో అధిక భాగం చెట్టియార్లది. బియ్యపు మిల్లుల్లో, రేవులో, వరికోతల్లో శ్రమించినవారిలో గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల తెలుగువారు గణనీయంగా ఉన్నారు. తెలుగునాట రంగూన్ 'రంగం'గా వాడుకలో నిలవగా, అక్కడ తెలుగు కూలీలను కోరంగి రేవు పేరిట 'కోరంగీలు' అనేవారు.

పునర్దర్శనం

2014 మే 30న బగో ప్రాంతంలోని మ్యిట్‌క్యో సమీపాన, పాడుబడిన వ్యవసాయ కేంద్రం చుట్టూ మిగిలిన గడ్డిభూమిలో పరిశోధకులు ఒక కూతను విన్నారు. దానిని రికార్డు చేసి తిరిగి వినిపించగా పక్షి బయటకు వచ్చింది. అది జెర్డాన్ బాబ్లర్. తరువాతి రెండు రోజుల్లో సమీప ప్రదేశాల్లోనూ అది కనిపించింది. జన్యు పరిశీలన కోసం రక్త నమూనాలు సేకరించారు.

ముగింపు

ఈ సుదీర్ఘ విరామానికి ఆవాస నష్టం ఒక్కటే కారణమనడం సరికాదు. యుద్ధం, అనంతర అంతర్గత కల్లోలాలు క్షేత్ర పరిశీలనను కూడా కుంటుపరిచాయి. కనుక 'కనబడలేదు' అనే నమోదును 'లేదు' అని చదవరాదు. అయితే సాగు విరమించిన చోట మిగిలిన గడ్డిలోనే ఈ పక్షి తిరిగి కనిపించడం గమనార్హం. బంజరు అనే పదం పాలకుల ఆదాయ దృష్టిని తెలుపుతుందే గాని, ఆ నేల నిర్జీవమని నిరూపించదు. తెలుగు వలస చరిత్రను అధ్యయనం చేసేవారు శ్రామికుల జీవితంతోపాటు, వారి శ్రమ మీద నిలిచిన వరి ఆర్థికవ్యవస్థ కింద మరుగైన భూదృశ్యాన్నీ పరిగణనలోకి తీసుకోవలసి ఉంది.