రూపాయికి 8 పైసలు: కామారెడ్డి, ఎల్లారెడ్డి లైబ్రరీల్లో మన వాటా



కొంచెం పెద్ద పోస్టు ఇది. తీరిక చూసుకొని చివరిదాకా చదవండి.

ఇంటి పన్ను లెక్క ఎప్పుడన్నా అడిగి చూసిన్రా? ఇంటి పన్నుతో పాటు లైబ్రరీ సెస్సు కూడా మన దగ్గర వసూలైతది. పన్ను మీద రూపాయికి 8 పైసలు. వెయ్యి రూపాయల పన్నున్న ఇంటికి 80 రూపాయలు. తండాలో రేకుల ఇల్లయినా, కామారెడ్డిలో మూడంతస్తుల మేడయినా లెక్క ఒక్కటే. అంటే కామారెడ్డి జిల్లా గ్రంథాలయం, ఎల్లారెడ్డి శాఖా గ్రంథాలయం ఎవరో దయతలచి మనకు తెరిచి పెట్టిన గదులు కావు. మన యాడీ బాపులు పైసలు కట్టి నిలబెట్టుకున్నవి. కానీ ఈ మాట మన తండాల్లో ఎంతమందికి తెలుసు? ఎందుకు తెల్వదో అర్థం కావాలంటే కొంచెం వెనక్కి పోవాలె.

మనోళ్లు లదేణి చేసిన కాలంలో మనకు లైబ్రరీ లేకుండె, కానీ చరిత్ర ఉండె. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దక్కన్ అంతా తిరిగినోళ్లం. వంశాల పేర్లు, గోత్రాలు, వీరుల కథలు ఢాడీలు, భాట్‌లు నోటితోనే మోసిన్రు, పాటతోనే కాపాడిన్రు. పుస్తకాలు ఒక గదిలో ఉండి మనిషి అక్కడికి పోవుడు లైబ్రరీ అయితే, మన దగ్గర మనిషే పుస్తకమై తండా తండాకు వచ్చేటోడు.

1900 ప్రాంతంలో గోదావరి వ్యాలీ రైల్వే కామారెడ్డి మీదుగా మన్మాడ్ దాకా పోయింది. రైలు, రోడ్లు వచ్చినాక ఎద్దుల మీద సరుకు మోసే పని తగ్గుకుంటూ పోయింది. అంతకు ముందే బ్రిటిష్ పాలనలో 1871 నేరస్థ తెగల చట్టం తిరిగే జాతులను అనుమానపు పట్టీలో ఎక్కించింది. 1952 దాకా ఆ చట్టం పూర్తిగ పోలేదు. బతుకుతెరువు పోయినోళ్లు అడవి అంచుల్లో, గుట్టల పక్కన తండాలు కట్టుకున్నరు. గాంధారి, లింగంపేట, మాచారెడ్డి దిక్కు మన తండాలు చూస్తే ఆ కథ ఇప్పటికీ కనబడతది.

సరిగ్గ అదే కాలంలో హైదరాబాదులో ఇంకో కథ మొదలైంది. 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దాని వెనక ఉన్నరు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చింది. నిజాం రాజ్యంలో దఫ్తర్ల భాష ఉర్దూ. 1918లో వచ్చిన ఉస్మానియా యూనివర్సిటీలో కూడా చదువు ఉర్దూలోనే. అట్లాంటి రోజుల్లో తెలుగు పుస్తకాల గది తెరవడమంటే, నా భాషకు ఇక్కడ చోటుంది అని చెప్పడమే. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ పక్క జిల్లాల్లో తిరిగి 1937లో నిజామాబాదుకు వచ్చింది. గ్రంథాలయాలు పెట్టుడు ఆ ఉద్యమం చేసిన ముఖ్యమైన పనుల్లో ఒకటి. 1938లో వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టి ఊరూరా పుస్తకాలు మోసి అమ్మిండు. తర్వాత దాశరథితో పాటు నిజామాబాదు జైలులో ఉన్నడు. మన జిల్లా అప్పుడు నిజామాబాదులో భాగమే కాబట్టి ఇది మన దగ్గరి చరిత్రే.

కానీ ఒక ప్రశ్న అడగాలె. ఆ లైబ్రరీలలో తండా పిల్లగాడు ఉన్నడా? ఆ ఉద్యమాన్ని తక్కువ చేసుడు కాదు ఇది. ఉర్దూ రాజ్యంలో తెలుగుకు చోటు అడిగినోళ్లకు తెలుగు రాజ్యంలో గోర్ బోలీకి కూడా చోటు కావాలని తట్టలేదు, అంతే. అది జరగని పని కూడా కాదు. 1943లో ఇదే నిజాం రాజ్యంలో, ఆదిలాబాదు దిక్కు మార్లవాయిలో, హైమెన్‌డార్ఫ్ సలహాతో గోండు టీచర్ల శిక్షణ మొదలైంది. గోండి భాషలో వాచకాలు తయారైనయి. కొమురం భీం పోరాటం తర్వాత సర్కారు కదిలింది. అడిగితేనే, కొట్లాడితేనే మన భాష పుస్తకంలోకి వచ్చిందన్నమాట.

నిజాం పాలన పోయినాక 1955లో హైదరాబాదు పబ్లిక్ లైబ్రరీల చట్టం వచ్చింది. అసఫియా లైబ్రరీ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అయింది. రెండు ప్రాంతాలు కలిసినాక 1960లో ఒకటే చట్టం చేసి జిల్లాకో గ్రంథాలయ సంస్థ పెట్టి, దానికి ఇంటి పన్ను మీద సెస్సు కట్టబెట్టిన్రు. ఆ ఆలోచన గొప్పది. అమెరికాలో కార్నెగీ అనే కోటీశ్వరుడు ప్రపంచమంతా 2,500కు పైగా లైబ్రరీలకు పైసలిచ్చిండు, కానీ ఏటేటా ఖర్చు మాత్రం ఊరే పెట్టుకోవాలని షరతు పెట్టిండు. మన దగ్గర కోటీశ్వరుడు లేకున్నా, ఊరి పన్నే లైబ్రరీని నడపాలని చట్టమే చెప్పింది.

చట్టం వచ్చింది సరే, చదివెటోళ్లేరి? 1961 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎస్టీల అక్షరాస్యత 4.41 శాతం. 1971లో 5.34, 1981లో 7.82. అంటే వంద మందిలో తొంభై మందికి పైన లైబ్రరీ తలుపు తెరిచే ఉన్నా మూసినట్టే. 1976 చట్ట సవరణతో తెలంగాణ లంబాడీలు ఎస్టీ జాబితాలో చేరిన్రు. హాస్టళ్లు, ఆశ్రమ పాఠశాలలు మన పిల్లలకు అందినయి. 1991లో అక్షరాస్యత 17.16 అయింది, 2001లో 37.04, 2011లో 49.21. ఇరవై ఏండ్లలో దాదాపు మూడింతలు. ఇప్పుడు లైబ్రరీ కుర్చీలో కూసున్న మనం చాలామందిమి ఇంట్లో చదివిన మొదటి తరం, లేకుంటే రెండో తరం.

లైబ్రరీ పని కూడా మారింది. ఒకప్పుడు రిటైరైన సార్లు పొద్దున పేపరు చదవడానికి, ఇంటికాడ అక్కలు నవలలు తెప్పించుకోవడానికి లైబ్రరీ ఉండె. ఇప్పుడు టేబుళ్ల మీద గ్రూప్స్, కానిస్టేబుల్, డీఎస్సీ పుస్తకాలే. 2022 చివర 8,039 పోస్టుల గ్రూప్-4 నోటిఫికేషన్ పడ్డప్పుడు రాష్ట్రంలో ఏ లైబ్రరీ ఖాళీగ ఉన్నది? చాలామంది తమ పుస్తకాలు తామే తెచ్చుకొని చదువుతున్నరు. లైబ్రరీ ఇస్తున్నది కుర్చీ, ఫ్యాను, వెలుతురు, నిశ్శబ్దం.

కొందరు అంటరు, ఫోనుల అన్నీ ఉన్నయి కదా, లైబ్రరీ ఎందుకని. ఒక్క గది ఇంట్లో అయిదుగురుండే దగ్గర ఫోను నిశ్శబ్దం ఇయ్యదు. రీఛార్జి అయిపోతే ఫోను మూగది. ఆడపిల్ల ఊరు దాటి పొద్దంతా కూసోని చదువుకోవడానికి, పైసా ఖర్చు లేని, పోతున్నా అంటే ఇంట్లో ఒప్పుకునే చోటు చిన్న టౌనులో లైబ్రరీ తప్ప ఇంకేమున్నది? ఎల్లారెడ్డికి రైలు లేదు, పెద్ద కోచింగ్ సెంటర్లు హైదరాబాదులో. అక్కడ రూము కిరాయి కట్టలేనోళ్లకు ఎల్లారెడ్డి శాఖా గ్రంథాలయమే అశోక్‌నగర్.

అయితే పరీక్ష హాలుగ మాత్రమే మిగిలితే లైబ్రరీకి భవిష్యత్తు లేదని మా అభిప్రాయం. నోటిఫికేషన్ లేని ఏడాది గది ఖాళీ అయితది. ఖాళీ గదిని చూపించి, ఎవరొస్తున్నరు అని అడుగుడు ఎవరికైనా సులువే. బడి పిల్లలు, ఇంటికాడి ఆడోళ్లు, ముసలోళ్లు వచ్చేటట్టు ఉంటేనే అది ఊరి లైబ్రరీ.

ఇప్పుడు మన చేతిలో ఉన్నదేంది? 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా అయింది, జిల్లాకు సొంత గ్రంథాలయ సంస్థ వచ్చింది. 2018 ఆగస్టులో రాష్ట్రంలో 1,177 తండాలు, గూడేలు గ్రామ పంచాయతీలైనయి. అంటే మన తండాలే ఇప్పుడు పన్ను వసూలు చేసి సెస్సు పంపే సంస్థలు. మన సర్పంచులు ఉన్నరు, మన తీర్మానం ఉన్నది. అందుకే నాలుగు పనులు అనుకుంటున్నం.

ఒకటి, ఎవరి పంచాయతీలో వాళ్లం లెక్క అడుగుదాం: ఎంత సెస్సు వసూలైంది, అందులో గ్రంథాలయ సంస్థకు ఎంత పోయింది? స్థానిక సంస్థలు సెస్సు బకాయి పెట్టుడు చాలా జిల్లాల్లో పాత జబ్బు. మన పంచాయతీ బకాయి ఉంటే ముందు మనమే కట్టించాలె, అప్పుడే గట్టిగ అడగొచ్చు.

రెండు, తండాలో పుస్తక నిక్షిప్త కేంద్రం కోసం గ్రామసభలో తీర్మానం. చట్టంలో ఉన్న ఏర్పాటే ఇది. బరోడా మహారాజు సయాజీరావు నూరేండ్ల కిందనే పెట్టెల్లో పుస్తకాలు పెట్టి ఊర్లకు పంపిండు. కేరళలో ఇడమలక్కుడి అనే ఆదివాసీ పంచాయతీలో ఒక ముత్తువాన్ పెద్దమనిషి అడవి నడుమ చాయ్ దుకాణంలో 160 పుస్తకాలతో లైబ్రరీ నడిపిండు. మనకు ఒక బీరువా, తాళం చెవి పట్టుకునే ఒక నమ్మకస్తుడు చాలు.

మూడు, రెండు లైబ్రరీలలో మన అర. రమేశ్ కార్తీక్ నాయక్ మన పాత నిజామాబాదు జిల్లా తండా బిడ్డ. ‘ధావ్లో’ కథలకు 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఆయన పుస్తకాలు ఎల్లారెడ్డి అల్మారాలో ఉన్నయా? లేకుంటే రాసిచ్చి తెప్పిద్దాం. ఒక్కరు అడిగితే మరిచిపోతరు, యాభై మంది అడిగితే తెప్పిస్తరు.

నాలుగు, మిగిలిన ఢాడీల పాటలు, ముసలి యాడీల కథలు రికార్డు చేసి, తెలుగు లిపిలో రాసి, లైబ్రరీకి ఒక ప్రతి ఇద్దాం. లిపి లేని భాష అని మనల్ని అనేటోళ్లకు ఇంతకన్నా మంచి జవాబు లేదు.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఏటా వ్యాసరచన పోటీలు, దండలు, ఫొటోలు ఉంటయి. ఈసారి ఆ వారంలోనే తీర్మానాల కాపీలు పట్టుకొని, కామారెడ్డిలో కొందరం, ఎల్లారెడ్డిలో కొందరం పోదాం. ఎవరి తండా పేరు వాళ్లు కింద రాయండి, సెస్సు లెక్క ఎవరు అడుగుతున్నరో కూడా రాయండి. ఇంకా మెంబర్‌షిప్ లేనోళ్లు ఈ వారమే తీసుకోండి.