గణనయంత్రముల జీర్ణోద్ధరణము

పూర్వుల గ్రంథములను, శాసనములను, దేవాలయములను కాపాడుకొనుట ప్రతిజాతికిని కర్తవ్యమని మనమందఱము అంగీకరింతుము. కాని పూర్వులు నిర్మించిన యంత్రములను గూడ అట్లే కాపాడవలెనను తలంపు లోకమున ఆలస్యముగా పుట్టినది. కంప్యూటరు విషయమున మఱింత ఆలస్యముగా పుట్టినది. పుట్టిన పదేండ్లకే పాతబడు వస్తువిది. పాతబడినంతనే క్రొత్తది వచ్చి దాని చోటు నాక్రమించును. చోటు చాలని కార్యాలయమువారు పాతదానిని తూకమునకు అమ్మివేయుదురు. గదులకు గదులు నిండి, టన్నుల కొలది తూగిన తొలితరపు మహాయంత్రములలో పెక్కింటికి ఈ గతియే పట్టినది. మిగిలినవానిని వెదకి పట్టి, విడిభాగములను సమకూర్చి, మరల నడిపింపవలెనను సంకల్పముతో 1989లో లండను సైన్సు మ్యూజియమును, బ్రిటిషు కంప్యూటర్ సొసైటీయు కలిసి కంప్యూటర్ కన్సర్వేషన్ సొసైటీని నెలకొల్పినవి. అందుకు ప్రధానకారకులు డోరన్ స్వేడ్, టోనీ సేల్ అను ఇరువురు. వీరిలో టోనీ సేల్ చేపట్టిన, యుద్ధకాలపు గణనయంత్రమైన కొలోససు పునర్నిర్మాణము ఈ జీర్ణోద్ధరణ విద్య చరిత్రలోనే అపూర్వమైన ఘట్టము.

రెండవ ప్రపంచయుద్ధకాలమున జర్మను సేనాధిపతులు తమ రహస్య సందేశములను లోరెంజు అను యంత్రముచే గూఢలిపిలోనికి మార్చి పంపెడివారు. పండ్రెండు చక్రములు గల ఆ యంత్రమును కన్నులార చూడకయే, చేజిక్కిన సందేశములను మాత్రమే ఆధారము చేసికొని, బిల్ టట్ అను యువగణితజ్ఞుడు దాని నిర్మాణమును 1942లో తేల్చెను. ఐనను ఏ సందేశమునకు చక్రములు ఏ స్థితిలో నిలిచియుండెనో కనుగొనుటకు మానవశ్రమ చాలదయ్యెను. ఆ పనికై డాలిస్ హిల్లులోని పోస్టాఫీసు పరిశోధనాలయమున టామీ ఫ్లవర్సు అను ఇంజనీరు 1943లో కొలోససును నిర్మించెను. వాల్వులనబడు శూన్యనాళికలను వేలకొలది ఒక్కచోట చేర్చిన యంత్రము నిలిచి పనిచేయదని నాటి పెద్దలు పలువురు శంకించిరి. టెలిఫోన్ ఎక్స్చేంజీల పనిలో ఆరితేరిన ఫ్లవర్సు మాత్రము, వాల్వులను మాటిమాటికి ఆర్పి వెలిగించుటయే వానికి చేటనియు, ఎడతెగక వెలుగనిచ్చినచో అవి చిరకాలము మన్నుననియు ఎఱిగినవాడు. 1944 ఆరంభమున, గూఢలిపులను ఛేదించు కేంద్రమైన బ్లెచ్లీ పార్కు చేరిన మొదటి యంత్రమున సుమారు 1,600 వాల్వులు; ఆ యేడు జూన్ 1న పనికి దిగిన రెండవ నమూనాయందు సుమారు 2,400. రంధ్రములు పొడిచిన కాగితపు టేపు చక్రములపై పరుగిడుచుండగా, సెకనుకు 5,000 అక్షరములను అది కాంతిసహాయమున చదివెడిది. యుద్ధము ముగియునాటికి ఇట్టివి పది పనిచేయుచుండెను.

యుద్ధము ముగిసినది, రహస్యము మాత్రము ముగియలేదు. పదింట ఎనిమిది యంత్రములను ఊడబెఱికిరి. మిగిలిన రెండును ప్రభుత్వ గూఢచారశాఖ అధీనమున ఉండి, సుమారు 1960 నాటికి అవియు రూపుమాసినవి. పత్రములను నాశనము చేయవలసినదని ఉత్తరువు రాగా, ఫ్లవర్సు తన చేతులతోనే పటములను డాలిస్ హిల్లు కొలిమిలో దగ్ధము చేసెను. తన జీవితమునందలి మహత్కార్యమును గూర్చి మూడు దశాబ్దములపాటు ఎవరితోను నోరు మెదపరాని నిర్బంధమున ఆయన మెలగవలసి వచ్చెను.

1993లో టోనీ సేల్ పునర్నిర్మాణమునకు పూనుకొనునప్పటికి ఆయన చేత నున్నవి 1945లో తీసిన ఎనిమిది ఛాయాచిత్రములును, కొందఱు ఇంజనీర్లు ఆజ్ఞను మీఱి దాచుకొనిన సర్క్యూటు పటముల ముక్కలును మాత్రమే. ఛాయాచిత్రమున దూరమునకు తగినట్లు కుదించుకొనిపోయిన రేఖలను ఆయన ఇంటి కంప్యూటరుపై సవరించి, ప్రతి చట్రము ఎత్తు వెడల్పులను రాబట్టి, పటములను మరల గీసెను. కాంతితో టేపును చదువు భాగమునకు పటమే లభింపలేదు. యుద్ధకాలమున దానిని కల్పించిన ఆర్నాల్డ్ లించ్ అప్పటికి వృద్ధుడు. ఆయనయే ముందునకు వచ్చి దాని రూపకల్పనను తిరిగి సిద్ధపఱచి ఇచ్చెను.

ఇక విడిభాగముల సంగతి. ఫ్లవర్సు యుద్ధపు తొందరలో క్రొత్తవానిని కనిపెట్టుచు కూర్చుండక, టెలిఫోన్ ఎక్స్చేంజీలలో వాడుకలోనున్న రిలేలను, స్విచ్చులను, ఇనుప చట్రములనే కొలోససునకు వాడియుండెను. సేల్ వెదకులాడుచున్న కాలముననే బ్రిటనులోని పాత ఎక్స్చేంజీలను తొలగించి డిజిటల్ ఎక్స్చేంజీలను నెలకొల్పుచుండిరి. అందుచేత యాభై యేండ్లనాటి నమూనా భాగములు కుప్పలు తెప్పలుగా బయటపడినవి. పది యేండ్లు ముందుగా వెదకియున్నచో అవి ఇంకను పనిలోనే యుండెడివి. పది యేండ్లు జాగు చేసియున్నచో కరగిపోయి యుండెడివి. ఏ యంత్రభాగమైనను దానిని పాఱవేయు దినముననే సమృద్ధిగా దొరకును; ఆ దినము దాటినచో మరల దొరకదు. తెలిసిన మనుష్యులు జీవించియుండుట, కావలసిన సామగ్రి పాఱవేయబడుచుండుట అను రెండును కూడివచ్చిన ఘడియయే ఈ కార్యమునకు ముహూర్తము. సేల్ ఆ ముహూర్తమును పట్టుకొనెను.

1996 జూన్ 6న, బ్లెచ్లీ పార్కున ఒకప్పుడు తొమ్మిదవ కొలోససు నిలిచిన స్థలముననే, ఫ్లవర్సు కన్నులయెదుట, కెంటు డ్యూకు ఈ యంత్రమును ప్రారంభించెను. మఱి రెండేండ్లకు ఫ్లవర్సు దివంగతుడయ్యెను. ఐనను నిర్మాణము సంపూర్ణమగుటకు 2007 వఱకు పట్టినది.

కొలోససు చిత్రములనుండి పుట్టినది కాగా, హార్వెల్ డెకట్రాన్ యంత్రము తన మూలశరీరముతోనే మేల్కొనినది. బ్రిటిషు అణుపరిశోధనాలయమున 1951లో పని మొదలుపెట్టిన ఈ యంత్రము సంఖ్యలను డెకట్రాన్ అను వాయుగొట్టములలో నిలుపుకొనును. గొట్టపు కొనయందు వలయముగా నమర్చిన స్థానములపై నారింజవన్నె వెలుగుచుక్క ఒకటొకటిగా ముందునకు జరుగును. అది నిలిచిన చోటే ఆ అంకె. అట్టివి ఇందు 828 కలవు. ఒక్క గుణకారమునకు సెకనులు పట్టునంతటి మందగమనము గలదే కాని, రేయింబవళ్లు కావలిలేకయే తప్పు చేయక పనిచేయుట దీని గుణము. 1957లో వుల్వర్‌హాంప్టన్ సాంకేతిక కళాశాలకు చేరి 1973 వఱకు విద్యార్థులకు పాఠము చెప్పినది. పిదప బర్మింగ్‌హామ్ మ్యూజియమున నిలిచి, ఆ మ్యూజియము 1997లో మూతపడగా ముక్కలై గిడ్డంగి పాలైనది. ఆ గిడ్డంగిలోని సామగ్రిని చూపు ఒక చిత్రమున దాని నియంత్రణ ఫలకమును గుర్తించిన కన్నొకటి లేకున్నచో అది అచ్చటనే మట్టిగలిసి యుండెడిది. 2009లో బ్లెచ్లీ పార్కులోని కంప్యూటరు మ్యూజియమునకు తెచ్చి, మూడేండ్లు శ్రమించి, 2012 నవంబరు 20న మరల నడిపించిరి.

ఈ శ్రమ ఎట్టిదో ఒక్క కెపాసిటరును చూచినను తెలియును. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరులో అల్యూమినియపు రేకుపై మిక్కిలి పలుచని ఆక్సైడు పొర యుండును. విద్యుత్తు నడ్డగించునది ఆ పొరయే. ఏండ్ల తరబడి విద్యుత్తు సోకనిచో అది క్షీణించును. అట్టిదానికి ఒక్కమాఱుగా పూర్తి వోల్టేజి నిచ్చినచో వేడెక్కి, ఉబ్బి, పగులును. తనతోబాటు ట్రాన్సుఫార్మరును గూడ కాల్చును. కావున ఎఱిగినవాడు వోల్టేజిని కొంచెముకొంచెముగా పెంచు వేరియాకు అను సాధనపు పిడిని రవ్వంత త్రిప్పి, మీటరు ముల్లును చూచి, చేతితో డబ్బా వేడిని తడవి, గంటల తరబడి కనిపెట్టుకొని యుండును. లోపల ప్రాణమున్నచో ఆ మంద విద్యుత్తునకే పొర మరల పెరుగును. స్విచ్చు వేసి చూతమను తొందరపాటునకు ఎన్ని యంత్రములు బలియైనవో!

1980 ప్రాంతపు గృహ కంప్యూటర్లకు మఱొక చిక్కు కలదు. కమడోర్ 64 లోని నాదమును పుట్టించు చిప్పును ఏ కమ్మరియు కంసాలియు చేయజాలడు. చేసిన సంస్థ 1994లో దివాలా తీసినది. ఆ చిప్పు కావలెనన్న వేఱొక కమడోరునుండి పెఱుకవలెను. ఒకదానిని బ్రతికించుటకు మఱొకదానిని చంపవచ్చునా అను ప్రశ్న ఇచ్చట నిజమైన ధర్మసందేహము. ఇకనెట్లును లేవజాలనిదానినుండి మాత్రమే తీసికొనవలెననుట ఉత్తమమని నా నమ్మకము.

ఈ విచారమంతయు మనకు దూరమైనది కాదు. తెలుగువాడైన అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున 1967లో హైదరాబాదున వెలసిన ప్రభుత్వసంస్థ ఈసీఐఎల్, ట్రాంబే అణుపరిశోధనాకేంద్రమున రూపుదిద్దుకొనిన టీడీసీ-12 అను కంప్యూటరును 1969లోను, ఆ వెనుక టీడీసీ-312, టీడీసీ-316లను వెలయించినది. విదేశముల దయకై చేయి చాపక మన చేతులతో మనము కంప్యూటరును చేసికొనగలమని చాటిన యంత్రములవి. వానిని టంకము వేసి, పరీక్షించి, దేశము నలుమూలల ప్రయోగశాలలలో నిలబెట్టినవారు నేడు వార్ధక్యమున నున్నారు. ఒక్క వాల్వుకో, రిలేకో హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ దుకాణములన్నియు ఎక్కి దిగిన ఓర్పు మనవారికి కొత్త కాదు. టామీ ఫ్లవర్సు నోట, ఆర్నాల్డ్ లించ్ చేత వారి కాలముననే వినియు వ్రాయించుకొనియు ఇంగ్లండువారు చేసినపనిని, మన యింజనీర్ల యెడ మనము ఇప్పుడే చేయవలెను: వారి మాటలను రికార్డు చేయవలెను, వారి పెట్టెలలోని పటములను సేకరింపవలెను, గిడ్డంగులలో మూలబడిన బోర్డులను తూకపువాని కంటె ముందుగా పోయి తెచ్చుకొనవలెను. ముహూర్తము మించినచో ధనముండియు చేయగలిగినది ఏమియు నుండదు.