మిత్రుల క్రయవిక్రయములు

అంగడికి పోయి సరుకు కొనువాడు తూకము చూచును, వెల యడుగును, నాలుగుచోట్ల విచారించును. వర్తకుడు లాభమునకై కూర్చున్నవాడు గనుక ఆ జాగ్రత్త యెవరికిని తప్పుగా తోచదు. ఒకే వేడుకగల యిద్దరు మిత్రుల నడుమ వస్తువు చేతులు మారునప్పుడు మాత్రము ఈ జాగ్రత్త సడలును. పాతపుస్తకములు, నాణెములు, తపాలా బిళ్ళలు కూర్చువారు తమ తోడివాని మాటను శంకించుట అమర్యాదయని తలంతురు. అట్టి మర్యాద చాటున ఒక మోసము ఎంతకాలము దాగియుండగలదో ఆంగ్లదేశపు గ్రంథసంగ్రాహకుల చరిత్ర తెలుపుచున్నది.

తామస్ జేమ్స్ వైజ్ 1859లో జన్మించెను. లండను నగరమున సుగంధతైలముల వర్తకశాలలో గుమాస్తాగా నుండి, రాబడిలో మిగిల్చి, ఆంగ్లకవుల గ్రంథముల ప్రథమముద్రణములను కూర్చసాగెను. కాలక్రమమున ఆ సంచయము ఆష్లీ గ్రంథాలయమను పేర ప్రసిద్ధికెక్కెను. ఏ కవి పుస్తకము ఎప్పుడు, ఎచ్చట అచ్చుపడినదో తెలుపు పట్టికలను సైతము ఆయన రచించెను. 1922 మొదలు 1924 వరకు గ్రంథవివరణ శాస్త్రసంఘమునకు అధ్యక్షుడుగా నుండెను. ఇట్టివాడు ‘ఇది నిజమైన ప్రతి’ యన్నచో కాదనువారెవరు?

షికాగో నగరమున ధనవ్యాపారియైన జాన్ హెన్రీ రెన్ ఆయనకు మిత్రుడయ్యెను. రెన్‌కును పుస్తకములే ప్రాణము. వైజ్ లండనులో ఏరి పంపుచుండెను. రెన్ నమ్మి కొనుచుండెను. 1911లో మరణించు వరకు ఆ నమ్మకము చెదరలేదు. 1918లో ఆ గ్రంథసంచయము టెక్సాస్ విశ్వవిద్యాలయమునకు చేరెను. అందు అపురూపములని కొన్న చిన్నపొత్తములు కొన్ని వైజ్ రహస్యముగా అచ్చు వేయించినవే!

ఆ పన్నుగడ మిక్కిలి నేర్పుతో కూడినది. సుప్రసిద్ధమైన ముద్రణమునకు నకలు చేసినచో అసలుతో సరిపోల్చి పట్టుకొందురు. కావున వైజ్ నిజమైన కవితలనే గైకొని, లోకమెరిగిన ప్రథమముద్రణమునకు ముందే అచ్చుపడినట్లు పూర్వపు తేదీ వేయించెను. సరిపోల్చుటకు అసలన్నది లేదు. పిదప తన పట్టికలలో తానే వానికి స్థానమొసంగెను. ఎలిజబెత్ బ్రౌనింగు రచించిన పోర్చుగీసు సానెట్లు 1850లో మొదట వెలువడగా, 1847లో రెడింగు పట్టణమున అచ్చుపడినట్లు చూపు పొత్తము ఇట్టి వానిలో ముఖ్యమైనది. దీనివలన నష్టము కొనువారి ధనముతో ఆగలేదు. కవయిత్రి జీవితచరిత్రమే కలుషితమయ్యెను.

1934లో జాన్ కార్టరు, గ్రాహము పొలార్డు అను నిరువురు పుస్తకవ్యాపారులు ఈ గుట్టు బయలుపరచిరి. వారు పెద్దల మాటను గాక కాగితమును ప్రశ్నించిరి. ఎస్పార్టో అను గడ్డి ఆంగ్లదేశపు కాగితములో 1861కి పూర్వము వాడుకలో లేదు. రసాయనములతో తీసిన కొయ్యగుజ్జు అంతకన్నను పిమ్మట వచ్చినది. 1847 నాటిదనబడు పొత్తమున ఆ కొయ్యగుజ్జు కనబడెను! అచ్చక్షరముల మచ్చు సైతము 1880 తరువాతిదని తేలెను. వైజ్ ఒప్పుకొనలేదు. ఆ పొత్తములు తనకు 1917లో గతించిన మిత్రుడు బక్స్టన్ ఫార్మన్ వలన వచ్చినవని చెప్పెను. ఫార్మన్‌కు ఇందు పాలున్నదని పిదప తేలినను, వైజ్ నిర్దోషి కాలేదు.

ఆయన 1937లో మరణించిన పిమ్మట బ్రిటిషు మ్యూజియము ఆష్లీ గ్రంథాలయమును కొనెను. మరి యిరువది యేండ్లకు డేవిడ్ ఫాక్సన్ అను పండితుడు వేరొక చౌర్యము కనుగొనెను. మ్యూజియములోని పాతనాటకముల ప్రతులనుండి చింపబడిన పత్రములు వైజ్ ప్రతులలోను, ఆయన రెన్‌కమ్మిన ప్రతులలోను అతుకబడియుండెను.

రెన్ మూర్ఖుడని నవ్వుట న్యాయము గాదు. తనకన్న నెక్కువ యెరిగిన మిత్రుని నమ్మెను, అంతియే. ఎరుక యెక్కువగలవానిపై సత్యభారమును ఎక్కువ. వస్తువులోని లోపమును కొనువాడడుగకమునుపే చెప్పుట అతని విధి. ‘అడుగలేదు గనుక చెప్పలేదు’ అను మాట అంగడిలోనే తక్కువది; స్నేహితుల నడుమ అది ద్రోహమే.

కొనువానికిని విధి కలదు. పరీక్ష అవమానము గాదు. మన యిండ్లలో పిల్లలు తపాలా బిళ్ళలు మార్చుకొనునప్పుడే ఈ రెండు నీతులను నేర్పవచ్చును: చిరుగున్న బిళ్ళను చిరుగు చూపి యిమ్మనియు, తోడివాడు వెలుతురులో తిప్పి చూచినచో కోపింపవలదనియు. రెన్ జీవించియుండగా వైజ్ పొత్తముల కాగితమును పరీక్షింపుమని యెవరైన కోరియుండినచో, నిజమైన మిత్రుడు సంతోషముగా ఇచ్చియుండును. ఇయ్యనివాడెవడో అప్పుడే తెలిసియుండును.