పేరు లేని కౌలు

రాబడిలో ఎంత వంతు అద్దెకి పోవచ్చు? ఉద్యోగం కోసం ఊరొదిలిన ఆడపిల్ల మొదటి జీతం అందుకున్న రోజే వేసుకునే లెక్క ఇది. ‘మూడో వంతు దాటనివ్వకు’ అని చెప్పేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఈ వంతుల లెక్కకి ఒక చరిత్ర ఉంది. 1857లో ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త బెల్జియం కార్మిక కుటుంబాల ఖర్చులు పరిశీలించి, ఆదాయం తగ్గేకొద్దీ అందులో తిండికయ్యే వంతు పెరుగుతుందన్నాడు. ఇంటద్దె విషయంలోనూ అదే జరుగుతుందని 1868లో బెర్లిన్‌లో హెర్మన్ ష్వాబే చూపాడు. అమెరికాలో 1969 నాటి బ్రూక్ సవరణ, ప్రభుత్వ గృహాల్లో ఉండేవాళ్ళు కట్టే అద్దె వాళ్ళ ఆదాయంలో 25 శాతం దాటకూడదంది. 1981లో అది 30 శాతమైంది. మన దగ్గర కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఇంటద్దె భత్యాన్ని 2017లో ఊరి స్థాయిని బట్టి మూలవేతనంలో 24, 16, 8 శాతంగా నిర్ణయించారు. కరువు భత్యం 50 శాతానికి చేరడంతో 2024లో అవి 30, 20, 10 అయ్యాయి.

ఈ లెక్కలన్నిటి వెనకా ఒక మనిషి ఉన్నాడు. అతనికి నెలనెలా జీతం వస్తుంది. జీతం ముందు, అద్దె తర్వాత. అద్దె రసీదు మీద అతని పేరుంటుంది. ఆ రసీదు చూపించి పన్నులో రాయితీ కూడా అడగగలడు. అద్దె, ఆదాయం, పేరు - మూడూ ఒకే మనిషి దగ్గర ఉన్నప్పుడే ‘ఎంత వంతు’ అన్న ప్రశ్నకి అర్థం ఉంటుంది.

ఇంగ్లీషులో ఇంటికీ నేలకీ కలిపి రెంట్ అన్న ఒక్క మాట సరిపోతుంది. మనకి ఇంటికైతే అద్దె, నేలకైతే కౌలు. మాటలు వేరు కావడంతో ఆలోచనలు కూడా వేరైపోయాయేమో అనిపిస్తుంది. అద్దె గురించి మధ్యతరగతి స్త్రీలం చాలా రాసుకున్నాం. ఒంటరి ఆడవాళ్ళకి ఇల్లివ్వని ఇంటివాళ్ళ గురించి, హాస్టల్ గదుల గురించి కథలూ కవితలూ వచ్చాయి. కౌలు మాత్రం రైతు సమస్యల ఖాతాలోకి పోయింది. ఆ ఖాతాలో రైతు అంటే మగవాడే. చందర్లపాడు మండలంలో నేను తిరిగింది ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూడటానికే.

చందర్లపాడు నందిగామకి దక్షిణాన, కృష్ణ ఎడమ గట్టు వైపున్న మండలం. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లా, ఆ తర్వాత ఎన్టీఆర్ జిల్లా. కృష్ణా జిల్లా అనగానే కాలవలూ వరిచేలూ తలచుకుంటాం గానీ ఇది మెట్ట. నల్లరేగడి నేలలు, పత్తి, మిర్చి, సుబాబుల్. ఈ ప్రాంతపు చరిత్రలో నేలమీద రాబడి వసూలు చేసినవాళ్ళ పేర్లు నిలిచి ఉన్నాయి. జగ్గయ్యపేటకి ఆ పేరు పెట్టింది వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు, తన తండ్రి పేరు మీద. అంతకుముందు ఆ ఊరు బేతవోలు. వసూలు చేసినవాడి తండ్రి పేరు రెండు శతాబ్దాలు దాటినా ఊరి పేరై నిలిచింది. కట్టినవాళ్ళలో ఒక్క స్త్రీ పేరు కూడా మనకి తెలియదు.

1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. కౌలు మిగిలింది. 1956లో ఆంధ్ర ప్రాంతపు కౌలుదారీ చట్టం వచ్చింది. 1974 సవరణ గరిష్ఠ కౌలుని నీటి వసతి ఉన్న భూములకి మొత్తం పంటలో 30 శాతంగా, మిగతావాటికి 25 శాతంగా నిర్ణయించింది. అమెరికాలో అద్దెకి పెట్టిన హద్దులూ ఈ రెండే కావడం ఆశ్చర్యమే. కాకపోతే అక్కడ ఆ వంతు ఆదాయం మీద. ఇక్కడ పెట్టుబడి తీసెయ్యకముందు, మొత్తం పంట మీద. ఆ హద్దు కూడా కాగితం మీదే ఆగిపోయింది. కౌలు ఒప్పందాలు నోటిమాట మీద నడిచే చోట చట్టం ఎవర్ని పట్టుకుంటుంది?

మండలంలో ఒక ఊళ్ళో పత్తి తీతలయ్యాక ఒకావిడ నాకు తన చేను లెక్క చెప్పింది. రెండెకరాలు. ఎకరానికి 18 వేలు, విత్తకముందే చేతిలో పెట్టాలి. “పంట పండినా ఎండినా కౌలు మాత్రం పండుద్దమ్మా,” అంది. ఎకరానికి ఎనిమిది క్వింటాళ్ళు దిగింది, క్వింటా 6,500 చొప్పున అమ్మారు. రెండెకరాలకీ 1,04,000. విత్తనాలకీ ఎరువులకీ మందులకీ దున్నకాలకీ తీత కూళ్ళకీ 60 వేలు పోయాయి. మిగిలిన 44 వేలల్లో 36 వేలు కౌలు. అంటే రూపాయిలో 82 పైసలు. చేతికి మిగిలింది 8 వేలు.

“మరి నీ కూలి, అక్కా?” అని అడిగాను. “నా చేలో నేను చేసుకుంటే కూలేంటి!” అని నవ్వింది. ఇద్దరం కూర్చుని లెక్కేశాం. విత్తులు పెట్టడం, కలుపు తియ్యడం, తీతలు అన్నీ కలిపి ఆమె 60 రోజులకి తక్కువ పని చెయ్యలేదు. ఊళ్ళో ఆడకూలి అప్పుడు 300. అంటే 18 వేలు. చేతికొచ్చిన 8 వేలూ తీసేస్తే ఆమె కూలిలోనే 10 వేలు ఆమెకి దక్కలేదు. ఇప్పుడు చట్టం చెప్పిన 25 శాతం చూడండి. 1,04,000 మీద 26 వేలు. ఆమె ఇంటినుంచి వెళ్ళింది 36 వేలు. చట్టం మీద అదనంగా వెళ్ళిన 10 వేలూ, ఆమెకి దక్కని 10 వేలూ ఒకటే. ఇవి ఒక్క ఇంటి, ఒక్క ఏడాది అంకెలే. అయినా పని చెయ్యడానికి ఇవి చాలు. కౌలు పెరగడానికి ఎక్కడో చోటు కావాలి. ధర రైతు చేతిలో లేదు, ఎరువు ధర తగ్గదు, కూలీలకి ఇవ్వక తప్పదు. లెక్కకి రానిది ఆ ఇంటి ఆడమనిషి కూలి ఒక్కటే. కౌలు పెరిగేది దాన్ని తినే.

సుబాబుల్ ఈ ఒత్తిడిని ఇంకా పెంచింది. ఊళ్ళో ఉండని ఆసామి సుబాబుల్ వేసి వదిలేస్తే ఏళ్ళ తరబడి చూసుకోనక్కర్లేదు. కానీ ఆ చేలో కలుపుతీత ఉండదు, పత్తితీత ఉండదు. ఆడవాళ్ళకి కూలిపనీ పోయింది, కౌలుకి దొరికే నేలా తగ్గింది.

ఇక పేరు సంగతి. ఆ రెండెకరాల ఒప్పందం ఆమె భర్తకీ ఆసామికీ మధ్య నోటిమాట. ముందు కౌలు కట్టడానికి తాకట్టు పెట్టింది మాత్రం ఆమె మెళ్ళో గొలుసు, వాడింది ఆమె డ్వాక్రా అప్పు. అప్పు ఆమె పేరున, నేల మీద హక్కు ఎవరి పేరునా లేదు. కోనేరు రంగారావు కమిటీ 2006 నివేదిక తర్వాత, 2011లో సాగుదారులకి రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల ఒప్పందాన్ని గుర్తించింది, యజమాని సంతకం ఉంటేనే. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆసాములకి భయం. ఒకవేళ పెట్టినా ఆ కార్డు మీద ఎక్కేది సాధారణంగా ఇంటి మగవాడి పేరే.

ఆ పేరుగల మనిషి పోయిన రోజున ఈ లోటు బయటపడుతుంది. రైతు ఆత్మహత్య జరిగిన కుటుంబానికి 2004 నాటి జీవో 421 లక్షా యాభై వేలు ఇవ్వమంది. 2015లో అది 5 లక్షలైంది, 2019లో 7 లక్షలు. డబ్బు రావాలంటే అతను రైతేనని డివిజన్ స్థాయి త్రిసభ్య కమిటీ నిర్ధారించాలి. కౌలు రైతు భార్య, ఏ రసీదూ లేకుండా చెల్లించిన కౌలుని రుజువు చెయ్యాలి. బతికున్నన్నాళ్ళూ ఆమె శ్రమని లెక్కపెట్టని కాగితం, అతను పోయాక ఆమెనే సాక్ష్యం అడుగుతుంది.

నాణేనికి రెండో వైపు కూడా ఉంది. ఈ ప్రాంతంలో భూమిగల కులాల్లో ఆడపిల్లకి పసుపు కుంకుమల కింద పొలం ఇవ్వడం పాత ఆచారం. 1985 నుంచి అమల్లోకొచ్చిన రాష్ట్ర సవరణ కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కిచ్చింది. కానీ అత్తవారి ఊరికి వెళ్ళిన ఆడపిల్ల తన నేల తను దున్నలేదు. అన్నదమ్ములు చేస్తారు. కౌలు ఊళ్ళో రేటుకన్నా తక్కువ, కొన్నేళ్ళు అదీ ఉండదు. గట్టిగా అడిగితే పుట్టింటి గడప దూరమవుతుంది. వదులుకున్న ఆ కౌలు ఆమె పుట్టింటికి కట్టుకునే అద్దె అనాలేమో. చేలో వంగి పనిచేసే కౌలురైతు భార్యకీ, పాసుపుస్తకం ఉన్న ఈ చెల్లెలికీ కులంలో, వర్గంలో ఎంతో దూరం. ఇద్దర్నీ ఒకటనడం అన్యాయం. అయితే ఒకరు కట్టిన కౌలుకీ, ఇంకొకరికి రావలసిన కౌలుకీ పేరు పెట్టుకునే అధికారం ఇద్దరి దగ్గరా లేదు.

2007 జాతీయ రైతు విధానం కౌలుదారుల్నీ, పాలుకి చేసేవాళ్ళనీ, వ్యవసాయ కూలీలనీ కూడా రైతులనే నిర్వచించింది. 2014లో ఏర్పడిన మహిళా కిసాన్ అధికార్ మంచ్ స్త్రీలని రైతులుగా గుర్తించమని అడుగుతూనే ఉంది. నా మటుకు నాకు చిన్న కోరిక ఒకటి స్పష్టంగా కనిపిస్తోంది. సాగుదారు కార్డు మీద భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి. కౌలు ముట్టినట్టు రసీదు ఉండాలి, అది ఆమె పేరున కూడా ఉండాలి. రాబడిలో ఎంత వంతు కౌలుకి పోవచ్చు అన్నది ఆ తర్వాత అడగదగిన ప్రశ్న. అప్పుడు ఆ లెక్కలో 60 రోజుల కూలి కూడా ఒక వరుసగా ఉంటుంది.