మత్తుకు విరుగుడు: ఒక అన్వేషణ చరిత్ర

అరబ్బీ భాషలో ‘ఖమ్ర్’ అనే పదానికి ధాతువు తెలిపే అర్థం కప్పివేయడం. స్త్రీలు తలపై కప్పుకొనే వస్త్రాన్ని ‘ఖిమార్’ అన్నా, తాగినవానికి మరునాడు కలిగే తలబరువును ‘ఖుమార్’ అన్నా, అవన్నీ ఒకే ధాతువుకు పుట్టిన పదాలు. బుద్ధిని కప్పివేసేదే ఖమ్ర్ అని హజ్రత్ ఉమర్ (రజి) మింబరుపై నుండి వివరించిన సంగతి హదీసు గ్రంథాలు చదివినవారికి తెలిసినదే. అలా కప్పిన తెరను వెంటనే తొలగించే వస్తువేదైనా సృష్టిలో ఉన్నదా? ఈ ప్రశ్నను గ్రీకు వైద్యులు వేసుకున్నారు, బాగ్దాదు హకీములు వేసుకున్నారు, నేటి ప్రయోగశాలలూ వేసుకుంటున్నాయి. ఆ అన్వేషణ చరిత్ర కేవలం వైద్యులకు సంబంధించినది కాదు. తాగివచ్చిన మనిషిని ఎలా మామూలు చేయాలో తెలియక రాత్రంతా కూర్చున్న ప్రతి ఇల్లాలికీ అది సంబంధించినదే.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో ఈ ప్రశ్నకు పల్లెవాసుల వద్ద జవాబు సిద్ధంగానే ఉంటుంది. ఈతకల్లో, సారాయో తాగి తూలేవానికి చింతపండు రసం పట్టించాలంటారు. అది లేకపోతే పుల్లమజ్జిగ, అదీ లేకపోతే నిమ్మకాయ నీళ్లు. నెత్తిన చన్నీళ్లు పోయడం సరేసరి. చింతపండు వ్యాపారానికి పేరుపొందిన హిందూపురం మార్కెట్టు ఉన్న సీమలో ఈ చిట్కా వాడుకలో ఉండడం వింత కాదు. అయితే దీని వంశవృక్షం పల్లె పొలిమేరలు దాటి చాలా దూరం పోతుందన్నది గమనింపదగిన విషయం. అరబ్బులు చింతపండును ‘తమ్రె హిందీ’ అన్నారు. హిందూదేశపు ఖర్జూరమని దాని అర్థం. ఆ పేరే రూపం మారి యూరపు భాషల్లో స్థిరపడింది. ఇబ్నె సీనా తన ‘అల్ ఖానూన్’లో పైత్యజ్వరానికి, వాంతికి, దాహానికి చింతపండు ఉపకరిస్తుందని చెప్పాడు.

హకీముల గ్రంథాలలో

విరుగుడు వెదుకులాట గ్రీకుల కాలం నాటికే ఉన్నది. ఊదారంగు రత్నమైన అమెథిస్టు పేరుకు వారి భాషలో ‘మత్తెక్కనిది’ అని అర్థం. ఆ రాయిని ధరించినవానికి మత్తు తలకెక్కదని వారు నమ్మారు. క్యాబేజీని మద్యానికి శత్రువుగా ఎంచారు. రోము చక్రవర్తి టైబీరియస్ కుమారుడైన డ్రూసస్ ఇంట ఒక వైద్యుడు తాగుడు పందేలలో అందరినీ ఓడించేవాడనీ, అతడు ముందుగా అయిదారు చేదు బాదంపప్పులు తినేవాడని తర్వాత బయటపడిందనీ ప్లూటార్కు రాశాడు. బాదం తిననివ్వకపోతే అతడు కొద్దిపాటి మద్యానికే తట్టుకోలేకపోయాడట.

గ్రీకు వైద్యం తర్జుమాల ద్వారా బాగ్దాదు చేరింది. హునైన్ ఇబ్నె ఇస్‌హాఖ్ (మరణం క్రీ.శ. 873), అతని శిష్యులు గాలెన్ గ్రంథాలను సిరియాక్, అరబ్బీ భాషల్లోకి తెచ్చారు. వాటితోపాటు మత్తు గురించిన సిద్ధాంతమూ వచ్చింది. మద్యం ఉష్ణస్వభావం కలది. దాని ఆవిరులు, అనగా ‘బుఖారాత్’, మెదడుకు ఎక్కి దానిని చెదరగొడతాయి. కనుక చల్లనివి, పుల్లనివి, వగరైనవి ఆ ఆవిరులను అణచాలి. ఇబ్నె సీనా (980-1037) చెప్పిన చికిత్స సరిగా ఈ సూత్రం మీదనే నడిచింది. తొందరగా తెలివి తెప్పించడానికి వెనిగరు కలిపిన నీటిని మూడు నాలుగు సార్లు తాగించమన్నాడు. లేదా పుల్లని పాలను, పెరుగునీటిని ఇమ్మన్నాడు. కర్పూరం, గంధం వాసన చూపమన్నాడు. గులాబీ తైలాన్ని వెనిగరుతో కలిపి తలకు పట్టించమన్నాడు.

ఈ పట్టీని, పెనుకొండ పల్లెల పట్టీని పక్కపక్కన పెడితే పోలిక స్పష్టమవుతుంది. అక్కడ వెనిగరు, ఇక్కడ చింతపండు. అక్కడ పెరుగునీరు, ఇక్కడ పుల్లమజ్జిగ. తలకు చలువ రెండుచోట్లా ఉన్నది. ఇది అక్కడినుండే వచ్చిందని దీనర్థం కాదు. పులుపు, చలువ వేడిని అణచుతాయన్న భావన అనేక దేశాల వైద్యానికి ఉమ్మడి సొత్తు.

ఇక్కడ ఒక సందేహానికి సమాధానం అవసరం. మద్యం నిషిద్ధమైన సమాజంలో హకీములు ఈ అధ్యాయాలు ఎందుకు రాశారు? వైద్యుని ముందుకు వచ్చినవాడు రోగి. అతని నేరాన్ని విచారించడం ఖాజీ పని, ప్రాణం కాపాడడం తబీబు పని. పైగా వారి వద్దకు అన్ని మతాలవారూ వచ్చేవారు. విరుగుడు చెప్పడం తాగడానికి అనుమతి ఇవ్వడం కాదు.

ప్రయోగశాలలలో

‘ఆల్కహాల్’ అన్న పేరు అరబ్బీ ‘అల్ కుహ్ల్’ నుండి వచ్చింది. కుహ్ల్ అనగా కంటికి పెట్టుకొనే సుర్మా. నూరిన సన్నని పొడికి చెల్లిన మాట కాలక్రమంలో బట్టీపట్టి తీసిన సారానికి అంటుకొన్నది. శరీరంలో ఆల్కహాలు కాలేయం చేరి మొదట అసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా, తరువాత అసిటేట్‌గా మారుతుంది. ఈ దారి తెలిసిన తర్వాతనే అసలు పరిశోధన మొదలైనది.

మొదటి ముఖ్యమైన ఫలితం యాదృచ్ఛికంగా లభించింది. 1937లో అమెరికా వైద్యుడు ఇ.ఇ. విలియమ్స్ రబ్బరు పరిశ్రమ రసాయనాల మధ్య పనిచేసేవారు మద్యం ముడితే తట్టుకోలేకపోతున్నారని గమనించి ప్రకటించాడు. తర్వాత కోపెన్‌హాగన్‌లో జెన్స్ హాల్డ్, ఎరిక్ జాకబ్సన్ అనే శాస్త్రజ్ఞులు ఆ కోవకే చెందిన డైసల్ఫిరాంను నులిపురుగుల మందుగా పరీక్షిస్తూ తామే మింగి చూశారు. ఆపై కొద్దిగా మద్యం పుచ్చుకోగానే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతి వచ్చింది. ఆ మందు అసిటాల్డిహైడ్‌ను ముందుకు పోనీయక రక్తంలోనే నిలిపివేస్తున్నదని తేలింది. 1948లో ఈ ఫలితాలు వెలువడి, డైసల్ఫిరాం తాగుడు మాన్పించే మందుగా ప్రపంచమంతటా వ్యాపించింది. కాని ఇది విరుగుడు కాదు. మత్తును తీయదు, తాగిన వెంటనే బాధ కలిగించి భయపెడుతుంది. వైద్యుని పర్యవేక్షణ లేకుండా, రోగికి తెలియకుండా అన్నంలో కలిపి పెడితే ప్రాణానికే ముప్పు.

తేనెలోనూ పండ్లలోనూ ఉండే ఫ్రక్టోజ్ చక్కెరను మరికొందరు పరీక్షించారు. అది ఆల్కహాలు ఖర్చయ్యే వేగాన్ని కొంత పెంచుతుంది. అయితే అందుకు కావలసిన మోతాదు చాలా పెద్దది. కడుపునొప్పి, రక్తంలో ఆమ్లం పెరగడం వంటి హాని కలగడంతో దానిని విడిచిపెట్టారు. దివ్యఖుర్ఆన్ తేనెలో స్వస్థత ఉన్నదన్నది నిజమే. ఆ మాటను తాగుబోతుకు పూచీగా వాడుకోవడం మాత్రం న్యాయం కాదు.

1970లలో కాలిఫోర్నియాలోని ఇర్వైన్ విశ్వవిద్యాలయంలో ఎర్నెస్ట్ నోబుల్, రోనాల్డ్ ఆల్కానా మొదలైనవారు మత్తును తిప్పికొట్టే మందులకు ఆ పాత రత్నం పేరే పెట్టి ‘అమెథిస్టిక్’ మందులన్నారు. ఎల్‌డోపా, అమినోఫిలిన్, ఎఫెడ్రిన్‌లను మనుషులపై పరీక్షించి 1977లో ఫలితాలు ప్రకటించారు. కొన్ని లక్షణాలు కొంత తగ్గాయి, అంతే.

1986లో ఆశలు మిన్నంటాయి. హాఫ్‌మన్ లా రోష్ కంపెనీ తయారు చేసిన ఆర్‌ఓ 15-4513 అనే పదార్థం తాగించిన ఎలుకల తూలుడును మాయం చేసిందని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో వెల్లడించారు. కాని లోతుగా చూడగా నిజం వేరుగా ఉన్నది. రక్తంలోని ఆల్కహాలు అలాగే ఉన్నది. ప్రాణాంతకమైన మోతాదు తాగిన జంతువును ఆ మందు రక్షించలేదు. పైగా అది ఆందోళనను, మూర్ఛను కలిగించగలదు. తెలివి వచ్చిందనుకొన్నవాడు ఇంకా తాగి, మందు బలం తగ్గగానే కూలిపోయే ప్రమాదమూ ఉన్నది. ఆ మందు బజారుకు రాలేదు.

ఇటీవలి ప్రయత్నాలూ ఉన్నాయి. 2023లో ఒక హార్మోను, 2024లో జ్యూరిచ్‌లో పాలప్రోటీనుతో చేసిన జిగురు పదార్థం ఎలుకలలో ఫలితమిచ్చాయి. మనుషులకు పనికివస్తాయో లేదో తేలవలసి ఉన్నది.

కాస్నీ, కామంచి కథ

హిందూపురానికి రైలుదారిలో చేరువగా ఉన్న బెంగుళూరు కూడా ఈ చరిత్రలో చోటు సంపాదించుకొన్నది. ముహమ్మద్ మనాల్ 1930లో డెహ్రాడూన్‌లో స్థాపించిన హిమాలయా కంపెనీ 1955లో లివ్.52 అనే కాలేయపు మందును విడుదల చేసింది. తరువాత ఆ కంపెనీ బెంగుళూరుకు మారింది. ఆ మందులోని కాస్నీ యునానీ హకీములు కాలేయానికి తరతరాలుగా వాడినది. కామంచి రాయలసీమ చేలగట్లపై మొలిచే మొక్కే. 1991లో భారతీయ పరిశోధకులు ఇది తాగిన మరునాటి బాధను తగ్గిస్తుందని రాశారు. అయితే తాగుడువల్ల కాలేయం గట్టిపడిన రోగులపై యూరపులో జరిగి 1997లో వెల్లడైన పరీక్షలో మేలు కనబడలేదు. 2005లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’ ప్రపంచంలోని పరీక్షలన్నిటినీ సమీక్షించి, ఖుమార్‌ను నివారిస్తుందని గట్టిగా రుజువైన మందేదీ లేదని తేల్చింది.

కాలమే విరుగుడు

ఆరోగ్యవంతుని కాలేయం గంటకు సుమారు 7 నుండి 10 గ్రాముల ఆల్కహాలును మాత్రమే ఖర్చు చేస్తుంది. చింతపండు గాని, మజ్జిగ గాని, కాఫీ గాని, చన్నీళ్లు గాని ఆ లెక్కను మార్చవు. పుల్లని పానీయం దాహాన్ని తీర్చి నోటికి హితవునిస్తుంది, అంతమాత్రమే. స్పృహ తప్పినవాని నోట్లో దానిని పోయడం మాత్రం ప్రమాదకరం. అది ఊపిరితిత్తుల్లోకి దిగి ఊపిరాడకుండా చేయగలదు. అటువంటివానిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. తెలుగు జిల్లాల్లో కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఆల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలుపుతున్న సంగతి పలుమార్లు బయటపడినందున ఈ జాగ్రత్త మరింత అవసరం. డయాజెపామ్ మత్తుకు ఫ్లూమజెనిల్ అనే విరుగుడు ఆసుపత్రిలో ఉన్నది, ఆల్కహాలుకు అదీ పనిచేయదు.

షరీఅత్ చరిత్రలోనూ ఈ సంగతికి సాక్ష్యం లభిస్తుంది. మద్యం పూర్తిగా నిషిద్ధం కాకముందు, మత్తులో నమాజు దరికి పోవద్దనీ, పలికేదేమిటో తెలిసేవరకు ఆగాలనీ ‘నిసా’ సూరా ఆదేశించింది. అప్పుడు తాగే అలవాటున్నవారు ఇషా తర్వాతనే తాగేవారనీ, ఫజ్ర్ నాటికి తెలివి వచ్చేదనీ వ్యాఖ్యాతలు రాశారు. ఆ ఆదేశం ఏ మందునూ సూచించలేదు, తెలివి వచ్చేదాకా వేచి ఉండమన్నది. తరువాత ‘మాయిదా’ సూరా తలుపు పూర్తిగా మూసింది. ఫిఖహ్ పండితులు నిషేధానికి కారణాన్ని, అనగా ‘ఇల్లత్’ను, తాగినవాని తూలుడులో గాక పానీయానికి ఉన్న మత్తెక్కించే గుణంలో చూశారు. కనుక రేపు నిజంగానే ఒక విరుగుడు పుట్టినా హరామ్ హలాల్ కాజాలదు.

మద్రాసు ప్రభుత్వం 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్‌లో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయిపై లేచారు. 1993 అక్టోబరు 1 నుండి సారాయి, 1995 జనవరి 16 నుండి మద్యమంతా నిషేధింపబడినవి. 1997లో ఆ నిషేధం సడలింది. ఆ స్త్రీలు మత్తు దించే మందు అడగలేదు, సారాయి అంగడి మూయమన్నారు. రెండువేల ఏండ్ల అన్వేషణ తర్వాత వైద్యశాస్త్రం చెబుతున్నదీ అదే దిక్కును చూపుతున్నది. మత్తును వెంటనే దించే మందు ఈనాటికీ లేదు, ముట్టకుండా ఉండడమే దానికి మందు.